ఎస్.ఆర్. నంబరు నుంచి జడ్జి ఫోన్ దాకా

బెంగళూరు హైవే మీద గగన్‌పహాడ్ దాటి సాతంరాయి వస్తుంటే ప్లాట్లు, గోడౌన్లు, ప్రహరీలు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక ఈ దారి పొడవునా భూమికి విలువ వచ్చింది, విలువతోపాటు తగాదా కూడా. రాత్రికి రాత్రి తన ప్లాటులో ఎవరో కడీలు పాతారని తెలిసిన మనిషి పొద్దున్నే వకీలు దగ్గరికి పరుగెత్తుతాడు.

ఇలాంటి దావాలు చాలాకాలంగా ఉప్పర్‌పల్లిలోని రాజేంద్రనగర్ కోర్టుల్లోనే పడుతున్నాయి. దావాతోపాటు తాత్కాలిక ఇంజంక్షన్ కోరుతూ ఒక ఐ.ఏ. (మధ్యంతర దరఖాస్తు) వేస్తారు. ముందుగా పడేది ఎస్.ఆర్. అనే తాత్కాలిక నంబరు. కోర్టు ఫీజు సరిపోయిందా, వకాలతు ఉందా, షెడ్యూల్లో నాలుగు హద్దులూ రాశారా అని ఆఫీసు చూస్తుంది. ఒక్కటి తప్పినా రిటర్న్. సరిచేసి మళ్లీ వేశాకే ఓ.ఎస్. (ఒరిజినల్ సూట్) నంబరు. ఇదంతా రిజిస్టర్లలో, కట్టల్లో నడిచిన రోజుల్లో ఏ కాగితం ఎక్కడ ఆగిందో జడ్జికి గుమస్తా చెబితే తెలియాలి.

ఆ పరిస్థితిని మార్చింది కేస్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్, అంటే సీఐఎస్. సుప్రీంకోర్టు ఈ-కమిటీ 2005లో విధానపత్రం తెచ్చింది, 2007లో ఈ-కోర్టుల మొదటి దశ మొదలైంది. పుణెలోని నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ (ఎన్ఐసీ) నిపుణులు ఈ సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ పద్ధతిలో కట్టారు. కోర్టు సాఫ్ట్‌వేర్ ఒక కంపెనీ లైసెన్సుకు కట్టుబడి ఉండకూడదు గనుక అది గొప్ప నిర్ణయమని నా అభిప్రాయం. ప్రతి కేసుకూ పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు వస్తుంది: రాష్ట్రానికి రెండు, జిల్లాకు రెండు, కోర్టుకు రెండు, వరుస సంఖ్యకు ఆరు, సంవత్సరానికి నాలుగు. ఆ నంబరు ఉంటే సాతంరాయి మనిషి తన వాయిదా తేదీ ఫోన్లోనే చూసుకోవచ్చు.

అమెరికాలో ఇలాంటి యంత్రం అవసరం నుంచే పుట్టింది. ఆస్బెస్టాస్ వల్ల జబ్బుపడ్డ ఓడ కార్మికుల కేసులు 1990ల నడుమ ఉత్తర ఒహాయో ఫెడరల్ కోర్టు మీద వేలల్లో వచ్చి పడ్డాయి. కాగితాలు ఎక్కించలేక సిబ్బంది చేతులెత్తేసే స్థితిలో, వకీళ్లే నేరుగా కంప్యూటర్లో దాఖలు చేసే ఏర్పాటును 1996లో అక్కడ ప్రయోగించారు. ఇప్పుడు అక్కడి ఫెడరల్ కోర్టుల్లో పత్రం దాఖలైన వెంటనే నోటీసు ఈమెయిల్లో వెళ్తుంది.

మన జడ్జీలకు కేసుల స్థితి చూపేది ‘జస్ట్ఐఎస్’ యాప్. తన కోర్టులో ఎన్ని కేసులున్నాయి, ఏవి సమన్ల దశలో ఆగాయి, ఏవి సాక్ష్యంలో ఉన్నాయి, ఏవి ఎన్నేళ్లవి అన్నది ఫోన్లోనే కనిపిస్తుంది. నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది తర్వాతి తేదీ పడని కేసుల జాబితా. వాయిదా వేయకుండా వదిలేసిన కట్ట బీరువాలో ఏళ్లపాటు నిద్రపోయేది. ఇప్పుడు అది తేదీ లేని కేసుగా లెక్కలోకి వచ్చేస్తుంది.

కాగితం ఎంత బలహీనమో హైదరాబాద్‌కు తెలుసు. 2009 ఆగస్టు 31న హైకోర్టులో జరిగిన అగ్నిప్రమాదం లైబ్రరీని కాల్చేసింది. 2023 సెప్టెంబరులో కేంద్రం ఆమోదించిన ఈ-కోర్టుల మూడో దశకు కేటాయించిన 7,210 కోట్ల రూపాయల్లో రెండు వేల కోట్లకు పైగా పాత రికార్డుల స్కానింగుకే.

అయినా ఈ యంత్రానికి ఒక సంగతి అందదు. దానికి తెలిసింది తేదీ, దశ, కేసు రకం. కడీలు పాతినవాడు రేపు గోడ లేపబోతున్నాడని దానికి తెలియదు. ఈ-ఫైలింగులో వచ్చిన వంద పిటిషన్లూ తెర మీద ఒకే రకంగా కనిపిస్తాయి. అందుకే హైకోర్టులో లంచ్ మోషన్ ఇంకా బతికి ఉంది: వకీలు పొద్దున బెంచి ముందు నిలబడి తొందర ఎందుకో చెబుతాడు, జడ్జి ఒప్పుకుంటే భోజన విరామం తర్వాత ఆ కేసు వింటారు. ఉప్పర్‌పల్లిలోనూ అంతే. ఐ.ఏ.కు నంబరు పడిందని తెర చెబుతుంది. దాన్ని ఈ పూటే పిలవాలని మాత్రం జడ్జి చదివి తేల్చుకోవాల్సిందే.