రాలిన మొగ్గ చెప్పిన మాట

మా తల్లి పెరటి రేకమందారపు కొమ్మ యొకటి మా వసారాలోని కుండీలో పెరుగుచున్నది. ఆమె లేదు, ఆ పెరడును లేదు, మిగిలినది ఈ మొక్కయే. నిరుడు వేసవిలో దాని మొగ్గలు విచ్చకముందే ఒక్కటొక్కటిగ రాలజొచ్చెను. నేను తొందరపడి నీరు రెట్టింపు చేసితిని, ఎరువు వేసితిని, కుండీని దినమున కొకచోటికి మార్చితిని. మొగ్గలు మరింత రాలినవి.

మందారపు మొగ్గ తొడిమపై సన్నని కణుపు కలదు. మొక్కకు కష్టము కలిగినపుడు అచ్చటనే పట్టు సడలి మొగ్గ ఊడిపడును. మట్టి ఒకనాడు ఎండి మరునాడు బురదయైనను, చోటు మాటిమాటికి మారినను, నత్రజని మితిమీరినను, ఎండ చాలకున్నను ఇదే జరుగును. తాను బ్రదుకుటకై మొక్క ముందుగ మొగ్గను వదలుకొనును.

కావున మందు వెదకుటకు ముందు రాలిన మొగ్గను చీల్చి చూడవలెను. లోపల సన్నని పురుగులు కదలినచో, రాలిన మొగ్గలన్నిటిని ఏరి మూటగట్టి పారవేయవలెను. లేకున్న ఆ పురుగులు మట్టిలో దిగి, చిన్న ఈగలై మరల లేచును. పురుగు లేకున్న మన పోషణను పరీక్షించుకొనవలెను. వ్రేలిని అంగుళము లోతు మట్టిలో గ్రుచ్చి, పొడిగ తోచినప్పుడే నీరు పోయవలెను. నాలుగైదు గంటల యెండ తగులు చోట కుండీని నిలిపి, మరి కదల్పరాదు.

నేను చీల్చిన మొగ్గలో పురుగు లేదు. తప్పు నా తొందరదే. కుండీని ఒక్కచోట నిలిపి నెలకు పైగా వేచితిని. ఒక ఉదయమున ఒక పూవు విచ్చినది, సాయంకాలమునకు ముడుచుకొన్నది. అది చాలును.

తరగతిలో వెనుకబడిన విద్యార్థికి పాఠము రెట్టింపు చేయబోయి, ఇప్పుడు నేను ఒక్క క్షణము ఆగుచున్నాను.