బేస్‌బాల్ గేము పి.సి.కి ఎందుకు రాదు?

అమెరికా వచ్చి బేస్‌బాల్ మరిగిన మన సాఫ్ట్‌వేరు మిత్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది. "ఎం.ఎల్.బి. ద షో" 2006 నుంచి సోనీ వారి ప్లేస్టేషన్ సొత్తు. 2021లో ఎక్స్‌బాక్స్‌కి, 2022లో నింటెండో స్విచ్‌కి కూడా వచ్చింది. పి.సి. వెర్షను మాత్రం రాలేదు.

ఒకప్పుడు ఈ కరువు లేదండీ. "ఎం.వి.పి. బేస్‌బాల్ 2005"లోకి అభిమానులు కొత్త ఆటగాళ్ళను, జెర్సీలను ఎక్కిస్తూ ఏళ్ళ తరబడి దాన్ని బతికించారు. 2012లో వచ్చిన "ఎం.ఎల్.బి. 2కె12" తర్వాత ఆ దారి మూసుకుపోయింది.

హార్డ్‌వేరు వేరు కదా అంటారు కొందరు. ప్లేస్టేషన్ 3లో సెల్ ప్రాసెసరు ఉన్న రోజుల్లో ఆ మాట చెల్లేది. 2013లో ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ రెండూ మన పి.సి.ల్లో ఉండే ఎక్స్86 రకానికే మారాయి. పైగా ఎక్స్‌బాక్స్‌లో నడిచేది విండోస్‌కి తమ్ముడే!

అసలు చిక్కు, నా లెక్కలో, "డైమండ్ డైనస్టీ". ఆటగాళ్ళ కార్డులు పోగేసి, జట్టు కట్టి, ఆన్‌లైన్లో తలపడే భాగమది. ఆ కార్డుల కోసం జనం నిజం డబ్బు పెడతారు. బొమ్మ కుదుపు లేకుండా కదలాలంటే బంతి దారి ముందుగానే ఎదుటివాడి యంత్రానికి చేరాలి. కన్సోలు తాళం వేసిన పెట్టె. పి.సి.లో మెమరీ మన చేతిలోనే ఉంటుంది. బంతి ఎక్కడికొస్తుందో అందులోంచి చదివి బ్యాటు తిప్పే ప్రోగ్రాము రాసేవాళ్ళకి కొదవా?

అయినా "మ్యాడెన్" ఫుట్‌బాల్ 2007 తర్వాత పి.సి.ని వదిలేసి 2018లో తిరిగొచ్చింది. ఆన్‌లైన్ తీసేసి, ఒంటరిగా సీజను ఆడుకునే భాగం అమ్మినా నేను కొంటాను. ఒక్క గేము కోసం కన్సోలు కొంటానంటే మా ఇంట్లో బడ్జెట్ పాసవదు.