గుట్టమీద రాతిస్తంభం

అల్వాల్‌లో ఉండే మాకు పక్కనున్న మిలిటరీ దండు అలవాటే. అది ఇక్కడికెందుకొచ్చిందో మాత్రం పిల్లలతో మూసారాంబాగు వెళ్ళినప్పుడే ఆలోచించాను.

అక్కడ ఆస్మాన్‌గఢ్ గుట్టమీద సుమారు 23 అడుగుల రాతిస్తంభం ఉంది. నిజాం కొలువులో పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి అది. ‘మాన్స్యూర్ రేమండ్’ హిందువుల నోట మూసారాముడు, ముస్లిముల నోట మూసా రహీం అయ్యాడట! పరాయివాణ్ణి ఇద్దరూ తమవాణ్ణి చేసుకున్నారు, చూశారా?

ఆయన 1798 మార్చిలో పోయాడు. సెప్టెంబరులో నిజాం ఇంగ్లీషువారితో ఒడంబడిక చేసుకున్నారు. అక్టోబరుకల్లా ఫ్రెంచి పటాలం ఆయుధాలు దించేసింది. ఇంగ్లీషు సైన్యం వచ్చి కూర్చుంది. దాని విడిదికే 1806లో సికింద్రాబాదని పేరొచ్చింది.

మీరూ వెళ్ళిరండి. కథ మాత్రం పిల్లలకి కిందే చెప్పేయండి. పైకెక్కాక వింటారా!