చేయెత్తుట, చేయి చేసికొనుట: రాజీకి హద్దు



పొలముగట్టు కడనో, కాలువనీటి వంతు కడనో మాట పెరిగి చేయి లేచినప్పుడు జనులు మొదట మీ యరుగునకే వత్తురు. అట్టి తగవులలో మీరు చల్లార్చదగిన వేవి, న్యాయస్థానమునకు విడువదగిన వేవి యను విషయమును నేడు విన్నవించెదను.

1860వ సంవత్సరపు శిక్షాస్మృతికి బదులుగా 2024 జులై 1వ తేదీనుండి భారతీయ న్యాయసంహిత అమలునందున్నది. అంతకుముందు జరిగిన నేరములకు పాత స్మృతియే వర్తించును.

కొట్టబోవుట వేఱు, కొట్టుట వేఱు. ఎదుటివాడు తనకిప్పుడే దెబ్బ పడునని భయపడునట్లు పిడికిలి యెత్తినచో, దెబ్బ తగులకున్నను అది దౌర్జన్యమే. వట్టి మాట దౌర్జన్యము కాదు. బెదిరింపు క్రింద వేఱు నేరము కావచ్చును. కాని కఱ్ఱ చేతబట్టి పలికిన మాట ఆ చేతకు అర్థము కల్పించును. దీనికి శిక్ష మూడు నెలలవరకు ఖైదు, లేదా వేయి రూపాయలవరకు జరిమానా, లేదా రెండును.

బుద్ధిపూర్వకముగా ఒకని శరీరమునకు నొప్పి కలిగించినచో అది గాయపఱచుట యగును, రక్తము కారనక్కఱలేదు. శిక్ష ఏడాదివరకు ఖైదు, లేదా పదివేల రూపాయలవరకు జరిమానా, లేదా రెండును.

ఇక తీవ్రగాయము. కంటిచూపుగాని వినికిడిగాని శాశ్వతముగా పోవుట, అవయవము చెడుట, ముఖము శాశ్వతముగా వికృతమగుట, ఎముకగాని పన్నుగాని విఱుగుట మున్నగునవి యిందు చేరును. “పన్నే కదా” యని మనము తేలికగా నందుము, చట్ట మట్లనదు. పదునైదు దినములు తీవ్రబాధతో నున్నను, తన నిత్యకృత్యములు చేసికొనలేకున్నను తీవ్రగాయమే. పాత స్మృతిలో ఈ గడువు ఇరువది దినములు. అట్టి గాయమగునని యెఱిగియు కొట్టినవానికి ఏడేండ్లవరకు ఖైదు, జరిమానాయు కలవు. కత్తి, గొడ్డలి వంటి యాయుధముతో తీవ్రగాయము చేసినచో శిక్ష యావజ్జీవమువరకు పోవచ్చును.

రాజీ మాట కిదియే మూలము. దౌర్జన్యమునకును, సామాన్యగాయమునకును బాధితుడు తానై రాజీపడవచ్చును. తీవ్రగాయమునకు బాధితుని యిష్టముతోపాటు న్యాయస్థానముయొక్క అనుమతియు కావలయును. ఆయుధముతో చేసిన తీవ్రగాయమునకును, స్త్రీ గౌరవమును భంగపఱచు తలంపుతో చేసిన దౌర్జన్యమునకును చట్టము రాజీ నియ్యలేదు. అచ్చట మనము వ్రాయించిన కాగితము నేరమును మాపజాలదు. రాజీ చెల్లుచోట సైతము ఆ హక్కు బాధితునిదే కాని పెద్దలది కాదు. బలవంతపు రాజీ రాజీయే కాదు.

మఱియొక మాట. సామాన్యగాయమునకు పోలీసులు మేజిస్ట్రేటు ఉత్తరువు లేక దర్యాప్తు చేయరాదు. నేరము జరిగిన యేడాదిలోపల న్యాయస్థానమునకు పోవలయును. “వచ్చే పండుగకు చూతము” అని వాయిదాలు వేసినచో గడువు దాటవచ్చును. దెబ్బ గుఱుతులు అంతకంటె త్వరగా మాయును.

కావున నేను కోరున దొక్కటే. దెబ్బతిన్నవానిని ముందు ఆసుపత్రికి పంపుడు. వైద్యుడు గాయములను పరీక్షించి వ్రాసియిచ్చిన పిమ్మట పంచాయతి కూర్చుండుడు. తగవు ఏ తరగతికి చెందినదో అప్పుడు తేటపడును. మీ మాటకు గౌరవమును నిలుచును.