వకీలు వ్రాసిన తొలి నవల

న్యాయవాది తన కక్షిదారుని పక్షమున మాత్రమే వాదించును. నవలాకారుడు నిందితుని మనస్సునందును, నిందించువాని మనస్సునందును గూడ ప్రవేశింపవలయును. మొదటి వృత్తికి శిక్షణ పొంది, డెబ్బదియేండ్లు దాటిన పిమ్మట రెండవ దానియందు తొలి గ్రంథమును వెలువరించిన యోరుగల్లు బిడ్డ శ్రీ పాములపర్తి వెంకట నరసింహారావుగారు. వారి ప్రధానమంత్రిత్వమును గూర్చి లోకము చాల వ్రాసినది. వారి నవలను గూర్చి మనము తగినంత తలంచితిమా?

1921 జూన్ 28వ తేదీన నర్సంపేట ప్రాంతమునందలి లక్నేపల్లిలో వారు జన్మించిరి, దత్తతకు వంగర వెళ్లిరి, హనుమకొండలో చదివిరి. వందేమాతర గీతమును పాడినందులకు 1938లో నిజాము ప్రభుత్వముచే బహిష్కృతులైన విద్యార్థులలో వారొకరు. నాగపురము వారి కాశ్రయ మిచ్చినది. అచటి విశ్వవిద్యాలయముననే న్యాయశాస్త్ర పట్టమును పొంది, హైదరాబాదులో శ్రీ బూర్గుల రామకృష్ణారావుగారి కడ వకీలు వృత్తి నభ్యసించిరి.

కాని న్యాయస్థానము వారిని చిరకాలము పట్టియుంచలేదు. వరంగల్లున శ్రీ పాములపర్తి సదాశివరావుగారితో గూడి వారు 'కాకతీయ పత్రిక'ను నడిపిరి. 1949లో నా పత్రికయందు వెలువడిన 'గొల్ల రామవ్వ' యను కథలో, పోలీసుల బారినుండి యొక యువకుని కాపాడిన నిరుపేద వృద్ధురాలు నాయిక. కథకుని చేయి యప్పుడే కుదిరినది. అంతలో రాజకీయము పిలిచినది. 1957లో మంథని నుండి శాసనసభకు వెళ్లిరి, పిదప మంత్రులైరి. విశ్వనాథవారి 'వేయిపడగలు'ను 'సహస్రఫణ్' అను పేర హిందీలోనికి తెచ్చిరి. 1968లో నెలకొనిన తెలుగు అకాడమీకి వ్యవస్థాపకాధ్యక్షులైరి.

1971లో ముఖ్యమంత్రి యైన యీ భూస్వామి, భూస్వాముల కప్రియమైన భూపరిమితి శాసనమునకు పూనుకొనిరి. జై ఆంధ్ర యుద్యమపు వేడిలో 1973 జనవరిలో పదవి పోయినది. ఈ యనుభవమే 1998లో 'ది ఇన్‌సైడర్' నవలయై వెలువడినది. అఫ్రోజాబాదను కల్పిత రాష్ట్రమున ఆనందు అను ఆదర్శవాది రాజకీయములలో ప్రవేశించి, ముఠాల నడుమ నలిగి, భూసంస్కరణకై పోరాడును. శాసనమెట్లు పుట్టునో వకీలు చెప్పగలడు. పుట్టిన శాసనమును లోపలివారే యెట్లు నీరుగార్తురో చెప్పుటకు నవల కావలసివచ్చినది.

ఒక్క కొఱత మాత్రము మనసును కలచును. రామవ్వ కథను తెలుగున చెప్పిన కలము, తన బ్రదుకు కథను ఆంగ్లమున చెప్పినది. దేశమంతయు చదువవలె నన్న తలంపు సహజమే. అయినను తెలంగాణపు పల్లెలో మొలచిన యా కథ, 'లోపలి మనిషి' యను ననువాదముగా మరలి మన యింటికి రావలసి వచ్చెను గదా!

2004 డిసెంబరు 23న వారు పరమపదించిరి. 2024లో భారతరత్న ప్రకటింపబడినది. బిరుదులు ప్రభుత్వము లిచ్చును. వారసత్వమును మనమే నిలుపవలయును. ఓరుగల్లు న్యాయస్థానములలో నల్లకోటు ధరించు యువకులారా! మీ చేతులలోని దావా కాగితములందు మన పల్లెల భూముల కథ, కన్నీటి కథ దాగియున్నది. దానిని తెలుగున వ్రాయుడు. డెబ్బదియేండ్లు వచ్చువఱకు ఆగకుడు.