పాత లాంచీని ఇల్లు చేస్తే: దిండిలో వచ్చిన ప్రశ్నకు జవాబు

మన చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు పడవ ఎక్కి సంతకు పోయినవాళ్లు ఎవరూ ఉండరు. పెన్న పుట్టింది మన నంది కొండల వరసలోనే. చిత్రావతి బాగేపల్లి మీదుగా పోతుంది. పాపాగ్ని కూడా మన జిల్లాదే. అయితే ఇవన్నీ పుట్టింట్లో చిన్నపిల్లలే, ఆంధ్రలోకి పోయిన తర్వాతే పెద్దవవుతాయి. అందుకే కిందటి గోదావరి యాత్రలో మా సంఘం వాళ్లం దిండిలో హౌస్‌బోటు ఎక్కినప్పుడు అందరికీ అదొక వింతగా కనిపించింది.

అక్కడే ఒక పెద్దమ్మ అడిగింది: "ఏం సార్, ఇది పాత లాంచీనా? వంతెనలు వచ్చాక రేవులో మూలపడిన లాంచీలన్నీ ఇట్లా ఇళ్లు చేసుకోవచ్చు కదా?" వెనకనుంచి ఇంకొకరు, "మన కందవార చెరువు ఇప్పుడు నిండింది కదా, అందులోనూ ఒకటి వదిలితే పోలా?" అన్నారు. అందరూ నవ్వారు. మాకు మాత్రం జవాబు తెలియలేదు. తర్వాత చదివి, అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ముందు దిండి సంగతి. అక్కడివి రేవు లాంచీలు కావు, కేరళ నమూనా పడవలు. కేరళలో వాటి మూలం కెట్టువళ్ళం అనే వడ్లు మోసే పడవ. ఆంజిలి చెక్క పలకలను మేకులు లేకుండా కొబ్బరి తాటితో కుట్టి, జీడిపిక్కల నూనె పూసేవారు. రోడ్లు, లారీలు వచ్చాక ఆ పడవలకు పని పోయింది. 1990ల్లో అలప్పుళ వైపు కొందరు వాటి మీద వెదురు, తాటాకు కప్పు వేసి, పడకగది, వంటగది, మరుగుదొడ్డి పెట్టి యాత్రికులకు అద్దెకు ఇచ్చారు. తర్వాత ఆ నమూనాలోనే కొత్తవి కట్టడం మొదలైంది.

నిజంగా రేవు పడవను ఇల్లు చేసుకున్న కథ కావాలంటే అమెరికా పోవాలి. మన పిల్లలు చాలామంది ఉద్యోగాలు చేసే శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం మీద 1936లో బే బ్రిడ్జి, 1937లో గోల్డెన్ గేట్ వంతెన తెరిచారు. దానితో మనుషులను, కార్లను అటూ ఇటూ దాటించే ఫెర్రీలకు ఒక్కొక్కటిగా పని తగ్గింది. వాటిలో వలేహో అనేది 1879లో కట్టిన పాత ఫెర్రీ. 1949లో కళాకారులు కొందరు దాన్ని కొని సాసలీటో ఒడ్డున కట్టేసి ఇల్లూ పనిశాలా చేసుకున్నారు. తూర్పుదేశాల తత్వం మీద పుస్తకాలు రాసిన ఆలన్ వాట్స్ కూడా 1961 నుంచి అందులో ఉన్నారు. యుద్ధం అయిపోయాక మిగిలిపోయిన పడవల్లో కూడా చాలామంది ఆ ఒడ్డున కాపురం పెట్టారు. అద్దె లేదు, పన్ను లేదు. మురుగు మాత్రం నేరుగా అఖాతంలోకే పోయేది. 1970ల్లో అధికారులకూ ఈ పడవ ఇళ్లవాళ్లకూ పెద్ద గొడవలే జరిగాయి. ఇప్పుడు అక్కడి తేలే ఇళ్లకు ఒడ్డునుంచే నీళ్లు, కరెంటు, మురుగు గొట్టాలు ఉన్నాయి.

మన గోదావరి మీద కూడా కథ ఇలాగే మొదలైంది. యానాం, ఎదుర్లంక మధ్య వంతెన వచ్చాక అక్కడ రేవు దాటే పని తప్పింది. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య మాత్రం పంటు ఇంకా నడుస్తోంది. పంటు అంటే మనుషులూ మోటారు సైకిళ్లూ కార్లూ కలిసి ఎక్కే వెడల్పాటి బల్లకట్టు. ఇల్లు కట్టడానికి చూపుకు బాగానే ఉంటుంది: చదునైన అంతస్తు, తక్కువ లోతులో తేలే అడుగు. అయితే చూపుకు కనిపించని అడుగు భాగమే అసలు ఖర్చు.

ఎందుకంటే ఇనుప పడవ అడుగు ఏళ్ల తరబడి నీళ్లలో నాని పలచబడి ఉంటుంది. రంగు వేస్తే పైకి కొత్తగా కనిపిస్తుంది. కొనే ముందు పడవను ఒడ్డు మీదికి లాగి, రేకు మందం ఎంత మిగిలిందో యంత్రంతో చోటు చోటునా కొలవాలి. పలచబడిన చోట కోసి కొత్త రేకు అతకాలి. బాగా పాత ఓడలైతే ఆస్‌బెస్టాస్, సీసం కలిసిన రంగు ఉండొచ్చు. వాటిని మామూలు కూలీలతో గీకించకూడదు.

తర్వాత బరువు లెక్క. ఇంజను తీసేస్తే చోటు మిగిలిందని సంతోషపడతాం, కానీ ఇంతకాలం పడవను నిలబెట్టిన అడుగు బరువు పోయినట్టే. ఆ చోట మళ్లీ బరువు పెట్టకుండా పైన మేడ కట్టి, నీళ్ల ట్యాంకు ఎత్తితే ఒక పక్కకు ఒరుగుతుంది. ఇది ఉత్తి మాట కాదు. 2023 మే 7న కేరళలోని తానూరులో ఒక విహార పడవ తిరగబడి 22 మంది చనిపోయారు, అందులో చిన్నపిల్లలే ఎక్కువ. అది చేపల పడవను మార్చి రెండంతస్తులు చేసినది, పైగా మితిమీరి జనాన్ని ఎక్కించారు.

మూడోది కాగితం. గుమాస్తా పని చేసినవాళ్లం కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువ చెబుతామేమో, ఓర్చుకోండి. 1917 నాటి పాత చట్టం పోయి 2021లో దేశంలో లోతట్టు జలాల పడవలకు కొత్త చట్టం వచ్చింది. దాని ప్రకారం యంత్రంతో నడిచే పడవకు తనిఖీ పత్రం, రిజిస్ట్రేషన్ ఉండాలి. పడవ రూపం మారిస్తే పాత పత్రం చెల్లుతుందిలే అనుకోవడానికి లేదు, మళ్లీ తనిఖీకి పోవాలి. మురుగు నీళ్లలోకి వదలకూడదనే నియమం కూడా ఆ చట్టంలోనే ఉంది.

ఇక మన చెరువు మాట. కందవార చెరువుకు నీళ్లు వచ్చింది నదినుంచి కాదు. బెంగళూరు హెబ్బాళ, నాగవార వైపు మురుగును రెండు దశల్లో శుద్ధి చేసి గొట్టాల్లో పంపుతున్నారు. ఆ నీళ్లు నేలలోకి ఇంకి మన బోరుబావులకు ఊట పెంచాలని దాని ఉద్దేశం. మూడో దశ శుద్ధి కూడా చేయాలని శాశ్వత నీరావరి హోరాట సమితి వాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నారు. ఆ నీళ్లే రేపు బోరులో మన బిందెలోకి వచ్చేవి. అలాంటి చెరువులో మరుగుదొడ్డి ఉన్న ఇల్లు తేలించడం, ఉన్న కష్టం మీద ఇంకొకటి తెచ్చుకోవడమే. సరదాకు అన్నవాళ్లను తప్పుపట్టడం లేదు. ఇరవై ఏళ్లు ఎండిన చెరువులో నీళ్లు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. వెంబనాడు సరస్సు మన చెరువులతో పోలిస్తే సముద్రమంత ఉంటుంది, 2002నుంచి రామ్‌సర్ గుర్తింపు కూడా ఉంది. అక్కడే హౌస్‌బోట్ల మురుగు పెద్ద తగాదా అయింది.

వచ్చే యాత్రకు పేర్లు ఇచ్చేవాళ్లకు ఒక మాట. కిందటిసారి దిండిలో ఏమీ అడగకుండానే ఎక్కేశాం, ఆ తప్పు మాదే. ఈసారి బోటువాళ్లను మూడే అడుగుతాం: తనిఖీ పత్రం ఎప్పటివరకు ఉంది, ఎంతమందికి అనుమతి, అందరికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయా. వీలైతే మురుగు ట్యాంకు ఎక్కడ ఖాళీ చేస్తారో కూడా. ఆ పత్రం చేతికి వచ్చాకే బస్సులోంచి సామాన్లు దించుతాం. కాస్త ఆలస్యమైతే ఎవరూ విసుక్కోకండి.