ముసలి ట్రక్కుకు కొత్త ఇంజను

బండి గట్టిగా ఉండి, దానిని లాగే ఎద్దు ముసలిదైతే రైతు ఏం చేస్తాడు? బండిని విరిచి పొయ్యిలో పెట్టడు గదా! సంతకు పోయి మరొక ఎద్దును తెచ్చి, అదే బండికి కడతాడు. మోటారు బండి విషయంలో కూడా ఇలా చెయ్యవచ్చునా? చెయ్యవచ్చును. అయితే ఇది ఎద్దును మార్చినంత సులభం కాదు. ఎందుచేత కాదో చూదాం.

పికప్ ట్రక్కును మీరు చూచే ఉంటారు. ముందు ఇద్దరు ముగ్గురు కూర్చునే గది, వెనుక సామాను వేసుకునే తెరచిన తొట్టి ఉంటాయి. అమెరికాలో పల్లెటూరివారికి ఇది చాలా ఉపయోగపడే బండి. 1960, 1970 ప్రాంతాలలో అక్కడ ఫోర్డు, షెవ్రొలే, డాడ్జి కంపెనీలు చేసిన ట్రక్కులు కొన్ని ఇప్పటికీ తిరుగుతున్నాయి. వాటి రేకు మందం, చట్రం దృఢం. కాని ఇంజను మాత్రం ఎన్నాళ్ళని పనిచేస్తుంది? లోపలి భాగాలు అరిగిపోయి, నూనె తాగుతూ, పొగ కక్కుతూ, చిన్న మిట్ట ఎక్కడానికి కూడా ఆయాసపడుతుంది.

అప్పుడు యజమాని ఎదుట మూడు దారులుంటాయి. బండిని పాత ఇనుము కింద అమ్మివెయ్యడం ఒకటి. అరిగిన పెట్రోలు ఇంజనునే బాగుచేయించుకోవడం రెండవది. ఇక మూడవది, దానిని తీసివేసి టర్బో డీజిల్ ఇంజను బిగించడం. చేతిపని మీద మక్కువ ఉన్నవారు మూడవ దారి పడతారు. వారిలో చాలామంది వెతుక్కునేది కమిన్స్ కంపెనీవారి ఆరు సిలిండర్ల ఇంజను. ఈ కంపెనీ 1919లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, కొలంబస్ అనే ఊళ్ళో పుట్టింది. 1989 మోడలు నుంచి డాడ్జి పికప్ ట్రక్కులలో ఈ ఇంజను రాసాగింది. ఆ ట్రక్కులలో కొన్ని తుప్పు పట్టీ, ప్రమాదాలలో నుజ్జు అయీ మూలపడ్డాయి. కాని లోపలి ఇంజన్లు చెక్కుచెదరలేదు. అలాంటి ఇంజనును పాత సామాన్ల దొడ్డిలో కొని తెచ్చుకుంటారన్నమాట.

అసలు పెట్రోలు ఇంజనుకు, డీజిల్ ఇంజనుకు తేడా ఏమిటి? మీ సైకిలు పంపు తీసుకోండి. రంధ్రాన్ని వేలితో మూసి గబగబా పదిసార్లు కొట్టండి. పంపు అడుగు భాగం వెచ్చబడుతుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, ఇదే కీలకం. పెట్రోలు ఇంజనులో గాలి, పెట్రోలు కలిసిన ఆవిరిని విద్యుత్తు నిప్పురవ్వతో మండిస్తారు. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వే లేదు. వట్టి గాలిని సుమారు పదిహేడు రెట్లు కుదించుతారు. ఆ గాలి వేడి 500 డిగ్రీల సెంటిగ్రేడు దాటుతుంది. అందులోకి డీజిల్ నూనెను సన్నని తుంపరగా చిమ్మగానే అది తనంత తానే భగ్గుమంటుంది.

ఈ ఉపాయం రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరుది. ఆయన జర్మనుడు, 1858లో పారిస్ నగరంలో పుట్టాడు. ఎన్నో ఏళ్ళు కష్టపడి, 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో తన ఇంజను చక్కగా పనిచేస్తుందని రుజువు చేశాడు. నూనెలో ఉన్న శక్తిలో నూటికి ఇరవయ్యారు పాళ్ళు ఆ ఇంజను పనిగా మార్చగలిగింది. ఆ కాలపు ఆవిరి యంత్రాలు చాలావాటికి అందులో సగం కూడా సాధ్యం కాలేదు.

ఇక టర్బో అంటే? ఇంజను నుంచి బయటకు పోయే పొగకు చాలా వేగం, వేడి ఉంటాయి. ఆ శక్తి వృథాగా పోవడమెందుకు? పొగ దారిలో ఒక చిన్న రెక్కల చక్రాన్ని అమర్చారు. పొగ తగిలి అది గిర్రున తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండవ చివర మరొక చక్రం ఉంటుంది. అది బయటి గాలిని లాగి ఇంజనులోకి బలవంతంగా నెడుతుంది. గాలి ఎక్కువైతే ఎక్కువ నూనెను మండించవచ్చు, బలం పెరుగుతుంది. ఈ చక్రాలు నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరుగుతాయంటే నమ్మగలరా? దీనికి 1905లో పేటెంటు పొందినవాడు స్విట్జర్లండుకు చెందిన ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. కమిన్స్ ఇంజనులో ఒక్కొక్క సిలిండరు వెడల్పు 10.2 సెంటీమీటర్లు, పిస్టను పైకీ కిందికీ కదిలే దూరం 12 సెంటీమీటర్లు. ఇలాంటివి ఆరు. మొత్తం ఎన్ని ఘన సెంటీమీటర్లో కట్టి చూడండి. సుమారు 5,880 వస్తే మీ లెక్క సరి. అందుకే దీనిని 5.9 లీటర్ల ఇంజను అంటారు. 1989లో దీని బలం 160 గుర్రాలు. ఇది మరీ గొప్ప కాదు. ఆ పాటి గుర్రాల బలం పెట్రోలు ఇంజన్లకూ ఉన్నది. గొప్పంతా దీని మెలిబలంలో ఉన్నది. అడుగు పొడవు పానా చివర 180 కిలోల బరువు వేలాడదీస్తే ఎంత మెలి తిప్పుతుందో, ఈ ఇంజను ఇరుసు అంత మెలి తిప్పుతుంది. అదీ నిమిషానికి 1,700 చుట్ల నెమ్మది వేగంలోనే! బరువుతో మిట్ట ఎక్కేటప్పుడు కావలసింది ఇదే.

సరే, ఇంజను వచ్చింది. గొలుసు కప్పీతో పైకెత్తి ట్రక్కులో దించుదామా? ఆగండి! షెవ్రొలే వారి పాత ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను బరువు సుమారు 200 కిలోలు. కమిన్స్ ఇంజను సుమారు 500 కిలోలు. తేడా ఎంత? నాలుగు ధాన్యం బస్తాలంత! ఆ నాలుగు బస్తాలూ ఎల్లకాలం ముందు చక్రాల మీదనే కూర్చుని ఉంటాయి. కనుక ముందు కమానులను బలమైనవాటితో మార్చాలి. చట్రం మీద ఇంజనును మోసే దిమ్మలను కొత్తగా చేయించి అతకాలి. పాత రేడియేటరు చాలకపోతే పెద్దది పెట్టాలి.

తరువాత గేరుపెట్టె సంగతి. దాని బోల్టు రంధ్రాలు పాత ఇంజనుకు సరిపోయేట్టు చేసినవి. కొత్త ఇంజను రంధ్రాలు వేరుగా ఉంటాయి. ఈ రెంటికీ మధ్య ఒక మందమైన లోహపు పలక పెడతారు. దానికి ఒక వైపు ఇంజను, రెండవ వైపు గేరుపెట్టె బిగుస్తాయి. అయితే రెండు ఇరుసులూ ఒకే గీత మీద ఉండాలి. తేడా ఒక వెంట్రుక మందం ఉన్నా చాలు, క్లచ్చీ త్వరగా అరుగుతుంది, బేరింగులు పగులుతాయి. మెలిబలానికి పాత గేరుపెట్టె తట్టుకోలేకపోతే దానినీ మార్చక తప్పదు.

ఇంకొక చిక్కున్నది. పెట్రోలు ఇంజను నిమిషానికి నాలుగు వేల చుట్లు దాటి తిరగగలదు. ఈ డీజిల్ ఇంజను 2,500 చుట్ల దగ్గరనే తన పూర్తి బలం ఇస్తుంది. ఆపైన ఎక్కువ పరుగెత్తదు. ట్రక్కు చక్రం ఒక చుట్టు తిరిగితే బండి సుమారు రెండున్నర మీటర్లు పోతుందనుకోండి. వెనుక ఇరుసులోని పళ్ళచక్రాలు ఇంజను 4.1 చుట్లకు చక్రాన్ని ఒక్క చుట్టు తిప్పేవైతే, పై గేరులో కూడా బండి గంటకు 91 కిలోమీటర్లే పోతుంది. అదే 3.54 చుట్లకు ఒక చుట్టు తిప్పేవైతే 106 కిలోమీటర్లు పోతుంది. కాబట్టి వెనుక ఇరుసు పళ్ళచక్రాలు కూడా కొత్త ఇంజనుకు తగినట్లు ఉండాలి.

చూచారా! ఇంజను ఒక్కటే మారుద్దామనుకుంటే, బండి అంతా మార్పు కోరుతున్నది. కాని ఇంతవరకు చెప్పినవాటిలో పొరపాటు జరిగితే పోయేది డబ్బు. ఇప్పుడు చెప్పబోయే దానిలో పొరపాటు జరిగితే ప్రాణమే పోవచ్చు. అది బ్రేకుల సంగతి.

బరువైన బండిని కాలితో తొక్కి ఆపడం కష్టం. అందుచేత చాలా బండ్లలో బ్రేకుకు ఇంజను సాయం చేస్తుంది. ఎలాగ? పెట్రోలు ఇంజనులోకి గాలి పోయే దారికి ఒక మూత ఉంటుంది. డ్రైవరు పెడలు మీద నుంచి కాలు తీయగానే మూత దాదాపు మూసుకుంటుంది. లోపల పిస్టన్లు మాత్రం గాలిని లాగుతూనే ఉంటాయి. అందువల్ల మూతకు ఇవతల గాలి పలచబడుతుంది. ఆ పలచని గాలిని ఒక గొట్టం ద్వారా బ్రేకు డబ్బాకు కలిపితే, బయటి గాలి ఒత్తిడి డబ్బాలోని పొరను నెట్టి మన కాలికి సాయపడుతుంది. ఈ డీజిల్ ఇంజనుకు అటువంటి మూత లేదు. గాలి ధారాళంగా వస్తుంది. కనుక పలచని గాలీ లేదు, సాయమూ లేదు! బలమైన ఇంజను, నాలుగు బస్తాల అదనపు బరువు, తొక్కితే రాయిలాంటి బ్రేకు! ఎంత ప్రమాదమో ఊహించండి. అందుకని తెలిసినవారు గాలిని లాగే పంపు ఒకటి విడిగా అమర్చుతారు. లేదా స్టీరింగుకు నూనె ఒత్తిడి ఇచ్చే పంపునుంచే బ్రేకుకూ సాయం తీసుకుంటారు. పరుగు సంగతి తరువాత చూచుకోవచ్చు. బండి ఆగుతుందా అన్నది ముందు చూచుకోవాలి.

మొదటిసారి ఇంజనును తిప్పేరోజున అనుభవం ఉన్న మెకానిక్కు చేతిలో ఒక చెక్కపలక పట్టుకుని నిలబడతాడు. ఎందుకో తెలుసా? పెట్రోలు ఇంజనును ఆపాలంటే విద్యుత్తు ఆపితే చాలు; నిప్పురవ్వ ఉండదు. డీజిల్ ఇంజనుకు నిప్పురవ్వతో పని లేదు గదా! నూనె అందుతున్నంతసేపు అది తిరుగుతూనే ఉంటుంది. ఏదైనా లోపం వల్ల అదుపు తప్పి పరుగెత్తితే, గాలి దారికి ఆ పలక అడ్డం పెట్టి ఊపిరాడకుండా చేసి ఆపుతారు. చెయ్యి మాత్రం అడ్డం పెట్టరాదు సుమా!

గాలి దారి శుభ్రంగా ఉండటం ఎంత ముఖ్యమో ఒక పందెం చెబుతుంది. 1952లో ఇండియనాపొలిస్ 500 మైళ్ళ పందానికి కమిన్స్ వారు టర్బో డీజిల్ కారును పంపారు. ఫ్రెడ్ అగబాషియన్ దానిని నడిపాడు. అర్హత పరీక్షలో గంటకు 138 మైళ్ళ వేగం సాధించి, అందరికన్న ముందు నిలబడే స్థానం సంపాదించాడు. అసలు పందెం 200 చుట్లు. 71 చుట్లు అయ్యేసరికి కారు ఆగిపోయింది. కారణం? టర్బో గాలి పీల్చే నోరు ముందు భాగంలో నేలకు దగ్గరగా ఉన్నది. బాట మీద టైర్లనుంచి రాలిన రబ్బరు ముక్కలు, చెత్త అందులో చేరి నోరు పూడుకుపోయింది. మహాబలశాలి అయిన ఇంజను కాస్త చెత్త చేతిలో ఓడిపోయింది!

ఇంత శ్రమపడితే లాభమేమిటి? బరువు లాగేటప్పుడు డీజిల్ ఇంజను పెట్రోలు ఇంజనుకన్న తక్కువ నూనెతో పని జరుపుతుంది. మన దేశంలో కూడా పాత పెట్రోలు జీపులకు, అంబాసిడర్ కార్లకు డీజిల్ ఇంజన్లు బిగించుకున్నవారు ఎందరో ఉన్నారు. కాని నాణేనికి రెండవ వైపు కూడా చూడాలి. డీజిల్ పొగలో సన్నని మసి ఉంటుంది. ఆ పొగ క్యాన్సరుకు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో ప్రకటించింది. నూనె ఎక్కువగా చిమ్మించి నల్లని పొగ వదలడం బలానికి గుర్తు అనుకునేవారు కొందరున్నారు. అది తప్పు. నల్లని పొగ అంటే సరిగా మండని నూనె. వృథా అయిన డబ్బు, చెడిపోయిన గాలి. ఇంజనును ఎవరి ఇష్టం వచ్చినట్లు వారు మార్చకుండా చట్టాలు కూడా ఉన్నాయి. మన దేశంలో రవాణా శాఖవారి అనుమతి కావాలి.

ఈసారి మీ నాన్నగారితో మెకానిక్కు దుకాణానికి వెళ్ళినప్పుడు దూరంగా నిలబడి గమనించండి. అక్కడ ఆగి ఉన్న బండిలో ఇంజను దేనిమీద ఆనుకుని ఉన్నది? గాలి ఎటునుంచి పీలుస్తుంది? బ్రేకుకు సాయం ఎక్కడినుంచి వస్తున్నది? మీకు తెలియనిది మెకానిక్కును మర్యాదగా అడగండి. పని తెలిసినవాడు పని గురించి చెప్పడానికి ఎప్పుడూ సంతోషిస్తాడు.